కంపాక్షన్ పేరుకుపోతే పరిమితి ఎత్తేయడమే మొదటి పనా?

తొమ్మిదినోడ్లు:
అందరికీ నమస్కారం. మాది కాసాండ్రా 4.0 డేటాబేస్ క్లస్టర్, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు. తొమ్మిది నోడ్లు (సర్వర్లు), మూడు ర్యాకులు, రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3, అంటే ప్రతి డేటాకీ మూడు కాపీలు. నాలుగు రోజుల కిందట పాత డేటా అంతా ఒక టేబుల్‌లోకి ఎక్కించాం. అప్పట్నుంచి మూడు నోడ్లలో పెండింగ్ కంపాక్షన్లు (డిస్క్ మీది డేటా ఫైళ్లని కలిపి సర్దే పనులు) పెరుగుతూనే ఉన్నాయి. ఈ ఉదయానికి ఒక్కో నోడ్‌లో 1,400 దాటాయి. మిగతా ఆరింటిలో ఇరవై కూడా లేవు. ఆ మూడింటి మీద రీడ్‌లు బాగా నెమ్మదించాయి. డిస్క్ 71 శాతం నిండింది. టేబుల్‌కి లెవెల్డ్ కంపాక్షన్ (ఫైళ్లని అంచెలంచెలుగా సర్దే పద్ధతి) పెట్టాం, కంపాక్షన్ వేగానికి ఉండే త్రూపుట్ పరిమితి డిఫాల్ట్‌గా వచ్చే సెకనుకు 64 ఎంబీ దగ్గరే ఉంది. దాన్ని సున్నా చేసి పరిమితి ఎత్తేద్దామని టీమ్‌లో సగం మంది, అస్సలు ముట్టుకోవద్దని మిగతా సగం. రెండు రోజులుగా ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

రాత్రిడ్యూటీ:
సున్నా చేసేయండి. ఆలస్యం చేసేకొద్దీ పని పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎస్‌ఎస్‌టేబుళ్లు (డిస్క్ మీది ఆ డేటా ఫైళ్లు) ఎన్ని పోగైతే ఒక్కో రీడ్ అన్ని ఫైళ్లు తడమాలి. ఆ రీడ్‌లే డిస్క్‌ని తినేస్తుంటే కంపాక్షన్‌కి ఇంకా తక్కువ మిగులుతుంది. పాత 3 వెర్షన్లలో ఈ డిఫాల్ట్ 16 ఉండేది, 4.0లో 64 చేశారు. ఈనాటి వేగమైన ఎన్‌వీఎంఈ డిస్కులకి అది కూడా తక్కువే. నోడ్లకి ఆదేశాలిచ్చే నోడ్‌టూల్‌లో సెట్‌కంపాక్షన్‌త్రూపుట్ కొడితే రీస్టార్ట్ లేకుండానే అమలవుతుంది. తేడా వస్తే వెంటనే వెనక్కి తిప్పుకోవచ్చు. మా క్లస్టర్‌లో ఇలాగే ఒక్క రాత్రిలో మొత్తం ఖాళీ చేశాం.

లాగులుచదవండి:
నేను ఒప్పుకోను. ఆ 64 పరిమితిని మీ నోడ్లు అసలు తాకుతున్నాయా? అది నోడ్ మొత్తానికి కలిపి ఉండే పరిమితి. కానీ ఒక్కో కంపాక్షన్ ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. కంప్రెషన్ విప్పడం, రోలు కలపడం, మళ్లీ కంప్రెస్ చేయడం, ఇదంతా సీపీయూ పని. మొత్తం కలిపి 64 చేరనప్పుడు దాన్ని సున్నా చేసినా వేగం ఒక్క ఎంబీ కూడా పెరగదు.

పైగా వెనక్కి తిప్పుకోవచ్చు అన్నంత తేలిక కాదది. మేం ఒకసారి పట్టపగలు, ట్రాఫిక్ నిండుగా ఉన్నప్పుడు ఎత్తేశాం. డిస్క్ నిండా కంపాక్షనే, రైట్లు టైమవుట్ అవడం మొదలైంది. కోఆర్డినేటర్లు (రిక్వెస్ట్ అందుకున్న నోడ్లు) హింట్లు, అంటే అందని రైట్లని తర్వాత పంపడానికి దాచే కాపీలు, పోగుచేసుకున్నాయి. కాస్త తెరిపి రాగానే ఆ హింట్లన్నీ అదే నోడ్ల మీదకి వచ్చిపడ్డాయి. మళ్లీ ఫ్లష్‌లు (మెమరీలోంచి డిస్క్‌కి రాయడం), మళ్లీ కొత్త ఎస్‌ఎస్‌టేబుళ్లు. గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. పరిమితి మళ్లీ పెట్టినా క్లస్టర్ కుదుటపడటానికి సాయంత్రమైంది.

నా దృష్టిలో మీ పోస్టులో ముఖ్యమైన అంకె 1,400 కాదు. అది ఎలాగూ అంచనాయే, లెవెల్డ్‌లో పైపైకి పోతుంది. ముఖ్యమైంది మూడు. రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3, ఇబ్బంది పడుతున్న నోడ్లూ మూడే. ఆ మూడూ ఒకే ర్యాక్‌లో ఉంటే డిస్కో, కాన్ఫిగరేషనో చూడండి, లేదా ఎవరైనా ఆటోకంపాక్షన్ ఆపేసి మళ్లీ ఆన్ చేయడం మరిచిపోయారేమో చూడండి. ఒక్కోటి ఒక్కో ర్యాక్‌లో ఉంటే మాత్రం ఏదో ఒక్క పార్టిషన్ (ఒకే కీ కింద ఉండే రోల గుంపు) మూడు కాపీలూ అక్కడే కూర్చున్నట్టు. లాగ్‌లో పెద్ద పార్టిషన్ హెచ్చరికలు వెతకండి. డిఫాల్ట్‌గా 100 ఎంబీ దాటితే రాస్తుంది.

తొమ్మిదినోడ్లు:
మూడూ వేర్వేరు ర్యాకుల్లోనే ఉన్నాయి. హెచ్చరికలు కూడా దొరికాయి, అన్నీ ఒకే కీ మీద. డేటా ఎక్కించిన స్క్రిప్ట్‌లో కస్టమర్ ఐడీ లేని రికార్డులన్నిటికీ సున్నా వేశారు. ఆ ఒక్క పార్టిషన్ దాదాపు 9 జీబీ అయింది. ఏ కీ ఏ నోడ్లలో ఉందో చెప్పే గెట్‌ఎండ్‌పాయింట్స్‌కి ఆ కీ ఇస్తే సరిగ్గా ఈ మూడు నోడ్లే చూపించింది. కంపాక్షన్‌స్టాట్స్ పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి లెక్కేస్తే వేగం సెకనుకు 22 ఎంబీ దగ్గరే ఉంది. 64కి చాలా దూరం.

రాత్రిడ్యూటీ:
సరే, ఇక్కడ త్రూపుట్ అడ్డం కాదని ఒప్పుకుంటున్నాను. కానీ చేతులు కట్టుకుని కూర్చోమంటే మాత్రం ఒప్పుకోను. కాంకరెంట్ కంపాక్టర్లు (ఒకేసారి నడిచే కంపాక్షన్ థ్రెడ్లు) ఎన్ని పెట్టారు? ఏమీ రాయకపోతే డిస్కుల సంఖ్య, కోర్ల సంఖ్య, ఈ రెంటిలో చిన్నది తీసుకుంటుంది, రెండుకి తగ్గదు, ఎనిమిదికి మించదు. ఒకే డిస్క్ ఉంటే మీకు రెండే. ఒక థ్రెడ్ ఆ 9 జీబీ పార్టిషన్ దగ్గర ఇరుక్కుపోతే మిగతా టేబుళ్లన్నిటికీ మిగిలింది ఒక్కటే. అందుకే క్యూ కొండలా పెరిగింది. సీపీయూ ఖాళీ ఉంటే నాలుగు చేయండి. అది కూడా రీస్టార్ట్ లేకుండా మార్చొచ్చు.

లాగులుచదవండి:
ఇది మంచి మాట. దీనికి నేనూ సరేనంటాను, ముందు ఒక్క నోడ్‌లో చేసి ఓ గంట చూశాక మిగతావాటిలో.

పాతకాపు:
రెండు జాగ్రత్తలు చెప్పాలని వచ్చాను. ఈ కంగారులో ఎవరో ఒకరు కంపాక్షన్ స్ట్రాటజీ మార్చేద్దాం అంటారు. ఆల్టర్ టేబుల్ కొడితే అది తొమ్మిది నోడ్లకీ ఒకేసారి వర్తిస్తుంది, బాగున్న ఆరు నోడ్లు కూడా రీకంపాక్షన్‌లో పడతాయి. తప్పదనుకుంటే జేఎంఎక్స్ (నడుస్తున్న నోడ్ సెట్టింగులు మార్చే దారి) నుంచి ఒక్క నోడ్‌కే మార్చి చూడండి.

రెండోది, ఆ పార్టిషన్‌ని డిలీట్ చేయగానే జాగా వస్తుందనుకోకండి. అది రాసేది ఒక టూంబ్‌స్టోన్ (డిలీట్ అయిందనే గుర్తు) మాత్రమే. పాత డేటాతో అది ఒకే కంపాక్షన్‌లో కలిసినప్పుడే డేటా పోతుంది. టూంబ్‌స్టోన్ మాత్రం జీసీ గ్రేస్ (ఆ గుర్తు కనీసం ఉండాల్సిన గడువు) దాటేదాకా, అంటే డిఫాల్ట్‌గా 864000 సెకన్లు, పది రోజులు ఉంటుంది. తొందరపడి దాన్ని తగ్గించొద్దు. రిపేర్ (కాపీలన్నీ ఒకేలా ఉండేట్టు సరిచేసే పని) నడవకముందే టూంబ్‌స్టోన్ పోతే, డిలీట్ అందని రెప్లికా నుంచి చచ్చిన డేటా తిరిగి లేచొస్తుంది. నేను కళ్లారా చూశాను, కస్టమర్లకి సమాధానం చెప్పుకోలేకపోయాం.

డేటా ఎక్కించే ముందు స్నాప్‌షాట్ తీసుకున్నారా? అవి హార్డ్‌లింకులు, అంటే అవే ఫైళ్లకి ఇంకో పేరు. కంపాక్షన్ పాత ఫైళ్లు తీసేసినా స్నాప్‌షాట్ పట్టుకుని ఉన్నంతకాలం డిస్క్ తగ్గదు. 71 శాతంలో కొంత అదే అయ్యుండొచ్చు.

తొమ్మిదినోడ్లు:
స్నాప్‌షాట్ ఉంది. బ్యాకప్ వేరేచోట సరిగ్గా ఉందని చూసుకున్నాక తీసేస్తే డిస్క్ 58 శాతానికి దిగింది. కంపాక్టర్లు ఒక నోడ్‌లో నాలుగు చేశాం. మధ్యాహ్నానికి అక్కడ పెండింగ్ 1,400 నుంచి 600కి వచ్చింది, రీడ్‌లు కూడా కుదుటపడ్డాయి. మిగతా రెండింటిలో ఈ రాత్రికి చేస్తాం. ఐడీ లేని రికార్డులకి కీలో నెల కూడా కలిపి కొత్త టేబుల్‌లోకి రాస్తున్నాం. ఈసారి స్క్రిప్ట్‌ని నెమ్మదిగానే నడుపుతాం. సున్నా పార్టిషన్ డిలీట్ ఆ తర్వాతే, ముందు రిపేర్ పూర్తవ్వాలి. త్రూపుట్ 64 దగ్గరే వదిలేశాం.

రాత్రిడ్యూటీ:
నాలుగు థ్రెడ్లు నడుస్తున్నాయి కాబట్టి ఇప్పుడు మళ్లీ కొలవండి. 64ని తాకుతుంటే 96 చేయండి, సున్నా వద్దులెండి.

లాగులుచదవండి:
కొలిచాకే. ఇంకొకటి, నోడ్‌టూల్‌తో మార్చినవి రీస్టార్ట్ అయితే పోతాయి. నాలుగే ఉంచాలనుకుంటే కాన్ఫిగ్ ఫైల్లో కూడా ఈరోజే రాసేయండి.