స్పెయిన్‌లో ఒంటరిగా రైలు ప్రయాణం: పాస్ కొనాలా, విడి టికెట్లా?

అందరికీ నమస్కారం. అక్టోబరులో 11 రోజులు స్పెయిన్ వెళ్తున్నాను, ఒక్కదాన్నే. బార్సిలోనాలో దిగి మాడ్రిడ్, కార్డోబా, సెవియ్యా, చివర గ్రనాడా. అన్నీ రైల్లోనే. భుజాన ఒక్క బ్యాగు, నిన్న తూకం వేస్తే 9 కిలోలు వచ్చింది.

నా అసలు సందేహం యూరైల్ పాస్ (యూరప్ రైళ్లలో తిరగడానికి పర్యాటకులు కొనుక్కునే పాస్) గురించి. ఏవీఈ లాంటి హైస్పీడ్ రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి. నాలుగే ప్రయాణాలకి అది గిట్టుబాటు అవుతుందా? బార్సిలోనా-మాడ్రిడ్ మధ్య స్పెయిన్ ప్రభుత్వ సంస్థ రెన్ఫే రైళ్లతో పాటు వీగో, ఇర్యో అనే వేరే కంపెనీల రైళ్లు కూడా నడుస్తున్నాయి కదా, ముందే విడి టికెట్లు కొనుక్కుంటే నయమేమో అనిపిస్తోంది. ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు ఏం చేశారో చెప్పండి.

కార్డోబాలో రాత్రి ఉండను. పొద్దున దిగి మెస్కీతా (ఒకప్పటి మసీదు, ఇప్పుడు చర్చి) చూసి, సాయంత్రం సెవియ్యా రైలెక్కాలి. అంతసేపు బ్యాగు ఎక్కడ పెట్టారు? ఆ ఎర్ర, తెల్ల చారల కమానుల కింద తీరిగ్గా తిరగాలని ఎన్నేళ్లుగానో కోరిక. మోతతో వెళ్లాలని లేదు.

నేను శాకాహారిని. నోట్‌బుక్‌లో ‘సిన్ కార్నే, సిన్ పెస్కాదో’ (స్పానిష్‌లో ‘మాంసం లేకుండా, చేప లేకుండా’) అని తెలుగు లిపిలో రాసుకుని రోజూ చదువుతున్నా. ‘హామోన్’ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) వద్దని కూడా విడిగా చెప్పాలా?

ఇంకొకటి, గ్రనాడాకి రాత్రి పదింటికి చేరే రైలు ఎక్కొచ్చా? స్టేషన్ నుంచి ఒక్కదాన్నే వెళ్లాలి, అమ్మకి అదే టెన్షన్. ఒంటరిగా వెళ్లిన అమ్మాయిలెవరైనా చెబితే ధైర్యంగా ఉంటుంది.