అప్‌డేట్: ఎస్టేట్ సేల్‌లో కొన్న కంచు టేబుల్ సంగతి

పోయిన నెల అడిగాను కదా, న్యూజెర్సీలో ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంట్లోని సామానంతా అమ్మేసే సేల్) కొన్న కాఫీ టేబుల్ నిజంగా అమెరికన్ ఫర్నిచర్ డిజైనర్ పాల్ ఎవాన్స్ చేసిందేనా, నల్లబడింది కాబట్టి పాలిష్ పెట్టించాలా అని. పాలిష్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్, లేకపోతే ఈపాటికి చింతపండు పెట్టి తోమేసేవాళ్లం, అమ్మ అప్పటికే నానబెట్టేసింది.

నిన్న పాత ఫర్నిచర్ బాగుచేసే ఆయన వచ్చి చూశారు. అమ్మినవాళ్లు పోతపోసిన కంచు అన్నారు గానీ, ఇది అది కాదట. ఎవాన్స్ 'స్కల్ప్‌టెడ్ బ్రాంజ్' రకం వస్తువులన్నీ ఇంతేనట, లోపల ప్లైవుడ్డో స్టీలో ఉంటుంది, దాని మీద ఎపాక్సీ రెజిన్‌ని (ఆరాక గట్టిపడే జిగురులాంటి పదార్థం) చేత్తో మలిచి, పైన కంచును తుంపరలా చల్లుతారు. ఆ పొర చాలా పలచన, గట్టిగా రుద్దితే పోయినట్టే. ఒక మూల గోరంత పెచ్చు ఊడినచోట బూడిదరంగు రెజిన్ కనిపిస్తోంది, వేలితో కొడితే ఖంగుమనదు, టక్కుమంటుంది.

అసలు విషయం, అడుగున టార్చ్ వేసి చూస్తే 'పీఈ' అని ఎవాన్స్ పేరు పొడి అక్షరాలు, పక్కనే 71, అంటే 1971! ఒళ్లు ఝల్లుమంది. సంతకం ఒక్కటే చాలదు, వేలం సంస్థ నిపుణులకు చూపించమన్నారు, ఫోటోలు పంపుతున్నాను.

అమ్మే ఉద్దేశం మాత్రం లేదు. పెచ్చు అలాగే వదిలేసి, పొడిగుడ్డతో దుమ్ము తుడుస్తున్నానంతే.