కొత్త యాప్ స్టోర్ క్లయింట్ రాయాలా, ఉన్నదాంట్లోనే పని చేయాలా?

మడివాళ_కోడర్:
బెంగళూరులో ఉన్న మనవాళ్ళం కొందరం ఆదివారాలు కూర్చుని, ఎఫ్-డ్రాయిడ్‌కు తెలుగువాళ్ళ కోసం ఒక క్లయింట్ రాద్దామనుకుంటున్నాం. తెలియనివాళ్ళకు రెండు ముక్కలు: ఎఫ్-డ్రాయిడ్ 2010లో మొదలైంది, అందులో ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ యాప్‌లే ఉంటాయి. యాప్‌ల జాబితా, ఏపీకేలు (యాప్ ఇన్‌స్టాల్ ఫైళ్ళు) సర్వర్లో ఉంటాయి. ఫోన్లో వాటిని చూపించి ఇన్‌స్టాల్ చేసేది క్లయింట్. జాబితా అందరికీ తెరిచే ఉంది కాబట్టి డ్రాయిడ్-ఇఫై, నియో స్టోర్ లాంటి వేరే క్లయింట్లు కూడా వచ్చాయి.

మాకు కావాల్సింది మా అమ్మ వాడగలిగేది. తెరవగానే తెలుగు, పెద్ద అక్షరాలు, తక్కువ బటన్లు. అసలు క్లయింట్‌లో ఇంత మార్పు చేస్తామంటే వాళ్ళు ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కాట్లిన్ భాష వచ్చినవాళ్ళం ఉన్నాం. మీరేమంటారు?

హిందూపురం_బస్సు:
నేను వద్దంటాను తమ్ముడూ. స్క్రీన్లు చేయడం తేలికే, కష్టమంతా కనపడని చోట ఉంది.

క్లయింట్ ముందుగా ఎంట్రీ జార్ అనే చిన్న ఫైలు దించుకుంటుంది. దాని మీద రిపాజిటరీ (సర్వర్లోని యాప్‌ల నిల్వ) డిజిటల్ సంతకం ఉందా, ఆ సంతకం తన దగ్గరున్న ఫింగర్‌ప్రింట్‌తో (సంతకాన్ని గుర్తుపట్టే చిన్న కోడ్) సరిపోతోందా అని చూడాలి. అందులోని హ్యాష్‌తో (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తు) ఇండెక్స్‌ను, అంటే యాప్‌ల జాబితాను, ఇండెక్స్‌లోని హ్యాష్‌తో ఏపీకేను సరిచూడాలి. మధ్యలో ఎవరైనా సంతకం చెల్లే పాత ఇండెక్స్‌నే మళ్ళీ పంపితే, తేదీ వెనక్కి పోయిందని పసిగట్టి తిప్పికొట్టాలి. లేకపోతే భద్రతా లోపం సరిచేసిన వెర్షన్ వచ్చిందన్న సంగతే ఆ ఫోనుకు తెలియదు. ఇందులో ఒక్క మెట్టు మనం తప్పు రాసినా స్క్రీన్ మీద ఏ తేడా కనపడదు, యాప్‌లు చక్కగా దిగుతూనే ఉంటాయి. నా భయమంతా అదే. మీ అమ్మగారి ఫోన్లో బ్యాంకు యాప్ కూడా ఉంటుంది కదా.

ఇంకోటి, ఆండ్రాయిడ్ ఏటా మారుతుంది. రేపు మీలో ఒకరికి పుణె బదిలీ, ఇంకొకరికి పెళ్ళి. అప్పుడు దీన్ని చూసుకునేది ఎవరు?

మడివాళ_కోడర్:
అన్నా, ఆ లెక్కన డ్రాయిడ్-ఇఫై కూడా పుట్టకూడదు. ఎఫ్-డ్రాయిడ్ క్లయింట్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సులో ఉంది. నచ్చకపోతే మార్చుకో, పంచుకో అని ఆ లైసెన్సే చెబుతోంది. ఒకే క్లయింట్ మీద అందరూ ఆధారపడాలంటే మళ్ళీ ప్లే స్టోర్ దగ్గరికే వచ్చినట్టు. భద్రత విషయంలో మీరు చెప్పినవన్నీ నిజం. అవి నేర్చుకుని రాస్తాం.

అనంత_అక్షరం:
మీ ఇద్దరి మాటల్లో అసలు విషయం పక్కకు పోయింది. నేను కోడ్ రాయను, అనువాదాలు చేస్తాను, అందుకే చెబుతున్నా.

క్లయింట్ మెనూలు, బటన్ల మాటలు వెబ్లేట్ అనే అనువాదాల సైటులో ఎవరైనా అనువదించవచ్చు. దానికోసం వేరే యాప్ అక్కర్లేదు. కానీ అమ్మగారు స్టోర్ తెరిచాక చదివేది మెనూలు కాదు. ఈ యాప్ దేనికి, ఇందులో ఏముంది అన్న వివరణ చదువుతారు. ఆ వివరణ క్లయింట్‌లో ఉండదు, ఇండెక్స్‌లోంచి వస్తుంది. ఇండెక్స్‌లోకి ఎక్కడినుంచి వస్తుంది? చాలావరకు ఆ యాప్ సొంత సోర్స్ కోడ్‌లో ఫాస్ట్‌లేన్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో భాషకొక ఉపఫోల్డర్, అక్కడినుంచి. తెలుగు ఫోల్డర్ లేకపోతే ఇంగ్లీషే కనిపిస్తుంది. మీరు ఎంత అందమైన క్లయింట్ రాసినా అంతే.

అంటే పని అంతా ఒక్కో యాప్ తయారీదారు దగ్గర ఉంది. ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాసి పంపితే చాలామంది సంతోషంగా తీసుకుంటారు. ఇందులో మనకే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. ఒక్క వాక్యపు పరిచయానికి 80 క్యారెక్టర్లే హద్దు. తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ఇంగ్లీషు వాక్యాన్ని అలాగే తిప్పితే పట్టదు, కొత్తగా ఆలోచించి కుదించి రాయాలి. మనిషి చేయాల్సిన పని ఇది.

కోరమంగళ_కిటికీ:
నేను ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మొదటినుంచి ఒక యాప్ కట్టామంటే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఉంటుంది. టెక్స్ట్ ఫైళ్ళు పంపామంటే ఎవరు పట్టించుకుంటారు? నిజంగానే అడుగుతున్నాను.

హిందూపురం_బస్సు:
మంచి ప్రశ్న. నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. సగంలో ఆగిన సొంత యాప్ కంటే, ముక్కూమొహం తెలియని మెయింటైనర్‌తో (ప్రాజెక్టును చూసుకునే మనిషి) వాదించి, రివ్యూ తట్టుకుని, చివరికి చేర్పించిన ఒక్క మెర్జ్ రిక్వెస్ట్ (మన మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) గురించి చెబితే నాకు ఆ మనిషి గురించి ఎక్కువ తెలుస్తుంది. అందరూ నాలా చూస్తారని చెప్పలేను.

అనంత గారు చెప్పింది విన్నాక నా మాట కొంచెం సవరిస్తాను. ఎఫ్-డ్రాయిడ్ వాళ్ళు ఇండెక్స్ చదవడం, డౌన్‌లోడ్, డేటాబేస్ అనే భాగాలను క్లయింట్ నుంచి వేరుచేసి లైబ్రరీలుగా పెట్టారు. మడివాళ తమ్ముడు క్లయింట్ రాయాల్సిందే అనుకుంటే వాటి మీద స్క్రీన్లు కట్టుకోవచ్చు. సంతకాలు సరిచూసే కోడ్ మాత్రం సొంతంగా రాయొద్దు.

అప్పుడూ ఒక తలనొప్పి మిగులుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి మనల్ని అడక్కుండా అప్‌డేట్ చేసే వీలు ప్లే స్టోర్ కాని స్టోర్లకూ వచ్చింది. కానీ ఆ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసింది ఆ స్టోరే అయి ఉండాలి, యాప్ కూడా మరీ పాత ఆండ్రాయిడ్‌కు రాసింది కాకూడదు. ఇప్పటికే ఎఫ్-డ్రాయిడ్ వాడుతున్నవాళ్ళు మీ క్లయింట్‌కు మారితే, ప్రతి యాప్‌కూ మొదటి అప్‌డేట్ వచ్చినప్పుడు "సరే" నొక్కాలి. పెద్దవాళ్ళు ఆ పెట్టె చూడగానే భయపడి మూసేస్తారు.

మెజెస్టిక్_ప్లాట్‌ఫామ్:
ఇంత చర్చలో గూగుల్ నిర్ణయం మాట రాలేదేం? తన దగ్గర గుర్తింపు ధ్రువీకరణ చేయించుకోని డెవలపర్ల యాప్‌లను సర్టిఫైడ్ (గూగుల్ ఆమోదించిన) ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇన్‌స్టాల్ కానివ్వమని 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండొనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు అన్నారు. గొడవయ్యాక అదే 2025 నవంబరులో, అనుభవమున్నవాళ్ళకు వేరే దారి ఇస్తామన్నారు. ఎఫ్-డ్రాయిడ్ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. వాళ్ళు చాలా యాప్‌లను తామే సోర్స్ నుంచి కట్టి తమ డిజిటల్ తాళంచెవితో సంతకం చేస్తారు, అన్ని ప్యాకేజీ పేర్లనూ (ఒక్కో యాప్‌కు ఉండే గుర్తింపు పేరు) తమవని నమోదు చేసుకోలేమంటున్నారు. మన అమ్మానాన్నలు "అనుభవమున్నవాళ్ళు" కారు. వాళ్ళ ఫోన్లో ఇన్‌స్టాలే కాకపోతే మీ పెద్ద అక్షరాలు ఎవరు చూస్తారు? నా ఓటు ఉన్నదాన్ని బలపరచడానికే.

అనంత_అక్షరం:
ఆ భయం నాకూ ఉంది. అయినా తెలుగు వివరణ రాయడం వృథా పోదు. ఫాస్ట్‌లేన్‌లో పెట్టిన మాటలు యాప్ సోర్స్‌తోపాటే ఉంటాయి, ఆ తయారీదారు ప్లే స్టోర్‌కూ వాటినే పంపుకోవచ్చు.

మడివాళ_కోడర్:
లైబ్రరీల మీద కడదాం, సంతకాల కోడ్ ముట్టుకోం. అక్కడ హిందూపురం అన్నతో నాకు పేచీ లేదు. వెతకడం దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గను. మా అమ్మ "పంచాంగం" అని కొడుతుంది. ఏ క్యాలెండర్ యాప్ వివరణలోనూ ఆ మాట ఉండదు, అనువదించినా ఉండకపోవచ్చు. మనవాళ్ళు వాడే మాటలకు సరిపడే యాప్‌లేవో చూపే చిన్న పట్టిక క్లయింట్‌లోనే ఉండాలి.

హిందూపురం_బస్సు:
ఆ పట్టికను మీ క్లయింట్‌లో దాచుకోకుండా విడిగా, ఏ క్లయింట్ అయినా చదివేలా పెట్టండి. అసలు క్లయింట్‌కు దాన్ని ప్రతిపాదించడానికి నేను ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో పెట్టే అభ్యర్థన) రాస్తాను. వాళ్ళు కాదంటే అప్పుడు మీ దారిన మీరు వెళ్ళండి, రివ్యూకు నేనూ వస్తాను.

మడివాళ_కోడర్:
పట్టిక విడిగానే పెడతాం. కానీ వాళ్ళ జవాబు కోసం ఆగకుండా స్క్రీన్ల పని ఈ ఆదివారమే మొదలుపెడుతున్నాం. అనంత గారూ, తెలుగు వివరణ లేని యాప్‌లలో ముందు ఏవి రాయాలో మీరే చెప్పండి. కోరమంగళ నుంచి వచ్చేవాళ్ళుంటే ల్యాప్‌టాప్‌తో పాటు పాత ఆండ్రాయిడ్ ఫోను కూడా తెచ్చుకోండి.