‘ఇక్కడ స్నానాలు నిషేధం’ అనే బోర్డు ఎవరిని ఆపుతోంది?

గట్టుమీద:
మా ఊరి గోదావరి రేవులో మొన్న ఆదివారం ఇద్దరు కుర్రాళ్ళు పోయారు. మర్నాటికల్లా రేవులో కొత్త బోర్డు వెలిసింది: ‘ఇక్కడ స్నానాలు నిషేధం’. నాలుగేళ్ళ క్రితం ఇలాగే పెట్టిన పాత బోర్డు తుప్పు పట్టి పక్కకు వాలి ఉంది. దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నారు. నదిలో, సముద్రంలో దిగడాన్ని నిషేధించి కాపలా పెట్టాలా, దిగేవాళ్ళకు ఎలా దిగాలో చెప్పాలా? నేను రెండో పక్షం. చావు జరిగిన ఇంటివాళ్ళకు ఈ మాట ఎలా వినిపిస్తుందోనని ఇన్నాళ్ళూ అడగలేదు.

ఇద్దరు పిల్లల తల్లి:
నేను మొదటి పక్షం, మొహమాటం లేకుండా చెబుతున్నాను. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్ళు ఈతకు దిగినవాళ్ళు కూడా కాదు, రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలారు. అప్పుడు గజ ఈతగాడు మాత్రం ఏం చేస్తాడు? 2022లో దేశంలో నీట మునిగి పోయినవాళ్ళు 38 వేలకు పైగా అని జాతీయ నేర గణాంకాల లెక్క. ఇంకా ‘ఎలా దిగాలో చెబుదాం’ అంటారా?

గట్టుమీద:
అమ్మా, మీరు చెప్పిన ఉదాహరణ నా పక్షానికే బలం. ‘ఇది ఆనకట్ట కింద ఉన్న నది. ఎండ కాస్తున్నా నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి, సైరన్ వినిపిస్తే పైకి పరుగెత్తండి’ అని ఆ పిల్లలకు ఎవరైనా చెప్పి ఉంటే? ఉత్త ‘నిషేధం’ అన్న మాటలో ఈ సంగతి ఎక్కడుంది?

ఉప్పుగాలి (విశాఖ):
సముద్రం సంగతి నేను చెబుతాను. దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అలలు తెల్లగా విరిగి పడుతున్న చోట్ల మధ్య ఒక పట్టీలా నీళ్ళు నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. ‘ఇక్కడ అలలు లేవు’ అని పిల్లలను సరిగ్గా అక్కడే దించుతారు. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళు వెనక్కి వెళ్ళే దారి అదే. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. భయపడి నేరుగా ఒడ్డుకు ఎదురీదినవాడు అలిసి మునుగుతాడు. పోరాడకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. సత్తువ ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పట్టీ దాటాక తెల్లటి అలలతో పాటు బయటికి రావాలి.

మా రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అంటే శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు. ఆ గుర్తింపు కావాలంటే ఈతకు హద్దులు గీయాలి, కాపాడేవాళ్ళను పెట్టాలి. తీరమంతా అలా పెట్టలేరు, నిజమే. ఈ పట్టీ బొమ్మను ప్రతి బీచ్ బోర్డు మీదా గీయడానికి ఎంత ఖర్చవుతుంది?

బెర్న్‌లో బందరువాడు:
నేను స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాను. వేసవి సాయంత్రాల్లో ఇక్కడివాళ్ళు బట్టలు నీళ్ళు చొరని సంచిలో పెట్టుకుని ‘ఆరే’ అనే నది గట్టున ఎగువకు నడిచి, నీళ్ళలో దూకి నగరం దాకా తేలుతూ వస్తారు. వడి ఎక్కువ. ఒడ్డున అక్కడక్కడా మెట్లు, వాటికి ఎర్రటి కమ్మీలు. ఆ కమ్మీని ముందుగానే గురిపెట్టుకుని గట్టు వైపు జరగాలి, తప్పితే తర్వాతి దానికోసం చూసుకోవాలి. దిగువన అడ్డకట్ట ఉంది, దానికి ముందే బయటపడాలి. మొదటిసారి నేను చలికి గుక్క తిప్పుకోలేకపోయాను. మంచు నీళ్ళు ఒంటికి తగిలిన మొదటి నిమిషంలో ఊపిరి మన చేతిలో ఉండదు. అందుకే చేతులు, మెడ, ఛాతీ తడుపుకుని మెల్లగా దిగమంటారు. వానలకు నది పొంగితే ఎంతటి మొనగాడైనా దిగడు. నిషేధం లేదు, తెలివి ఉంది.

లంకవాసి:
బందరు అన్నగారూ, మీ ఎర్ర కమ్మీలు బాగున్నాయి. మా గోదావరిలో కమ్మీ ఎక్కడ పాతుతారు? ఏటి పడక ఏటా మారుతుంది. దానికి తోడు ఇసుక గుంతలు. వేసవిలో యంత్రాలతో తోడేసి పోతారు, నీళ్ళు రాగానే పైన అంతా ఒక్క మట్టంగా కనిపిస్తుంది. మోకాటి లోతులో నడుస్తున్నవాడికి తర్వాతి అడుగు రెండు నిలువుల లోతు. అంచున కాలు పెడితే ఇసుకే జారిపోతుంది. పక్కవాడు చెయ్యి అందిస్తాడు, వాడూ జారతాడు. ‘ఒకరిని కాపాడబోయి మరొకరు’ అని పేపర్లో చదివేది ఇదే.

మా నాన్న పడవవాడు. మునిగేవాడి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళవద్దని కొట్టినంత పని చేసి నేర్పాడు. మూత బిగించిన ఖాళీ డబ్బా విసరాలి, లేదా ముడివేసిన చీర, వెదురు గడ. మా పడవలో ఇప్పటికీ ఇరవై లీటర్ల డబ్బా ఒకటి తాడుతో కట్టి ఉంటుంది.

ఇద్దరు పిల్లల తల్లి:
లంకవాసి గారి మాట విన్నాక నిషేధం ఒక్కటే చాలదని ఒప్పుకుంటాను, కానీ వదులుకోను. ఇసుక తోడిన చోట కంచె వేయాల్సిందే, అది తోడినవాడి ఖర్చుతోనే. ఇంకో సంగతి. మీరంతా బావుల్లో మునగబెండ్లు కట్టుకుని ఈత నేర్చిన మగవాళ్ళు. మా అమ్మాయికి కొలనులో నేర్పిస్తున్నాను. అడుగు కనిపించే ఆ నీళ్ళలో వచ్చిన ఈత, చీరతో, బురద నీళ్ళలో ఎంతవరకు పనికొస్తుంది?

ఉప్పుగాలి (విశాఖ):
వెల్లకిలా తేలడం పనికొస్తుంది, అమ్మా. ముందు అది నేర్పించండి, తర్వాతే చేతులు ఆడించడం. బట్టలతో కూడా ఒకసారి దించి చూపించమని అడగండి.

గట్టుమీద:
2027లో గోదావరి పుష్కరాలు. మునకలు వేయడానికి రమ్మని పిలిచేదీ ప్రభుత్వమే, ‘స్నానాలు నిషేధం’ అని రాసేదీ ప్రభుత్వమే. నేను ఆగలేక ఈ ఉదయం రంగు డబ్బా కొనుక్కొచ్చి మా రేవు బోర్డు కింద రాశాను: ‘మెట్లకు ఎడమ పక్క ఇసుక తీసిన గుంత. రెండు నిలువుల లోతు.’ దించేస్తారేమో చూడాలి.

లంకవాసి:
ఎడమ అని రాయకండి. మెట్లు దిగేవాడి ఎడమా, నీళ్ళలోంచి వచ్చేవాడి ఎడమా? ఎగువ, దిగువ అని రాయండి. మెట్ల నుంచి ఎన్ని బారలో కూడా రాయండి.