పొలం పనికి పాత టిప్పర్ లారీ, తీసుకోవచ్చా?

ధాన్యం, ఎరువు, మట్టి తోలుకోవడానికి ఒక సెకండ్ హ్యాండ్ టిప్పర్ చూస్తున్నాను, ఆరు సిలిండర్ల డీజిల్, 10 టైర్ల బండి. ఏడాదిలో రెండు మూడు నెలలే గట్టి పని, మిగతా రోజులు షెడ్డులోనే ఉంటుంది కాబట్టి కొత్తది దండగ అనిపించింది.

నిన్న వెళ్లి చూశాను. నేను వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది, అంటే చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందో నాకు కనపడకుండా ముందే స్టార్ట్ చేసి పెట్టారేమోనని అక్కడే అనుమానం వచ్చింది. ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పున తన్నుతోంది, రేస్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ. "పాత డీజిల్ అంటే ఆ మాత్రం ఉంటుంది సార్" అంటాడు అమ్మే ఆయన. ఇంజన్‌లో పిస్టన్ రింగులు అరిగిపోయినట్టేనా, లేక టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టేది) సీల్ కూడా పోయి ఉంటుందా? వెనక స్ప్రింగ్ బ్రాకెట్ దగ్గర ఛాసిస్‌కి (బండి బరువంతా మోసే ఫ్రేముకి) వెల్డింగ్ చేసి పైన పెయింట్ కొట్టారు. నిజానికి ఇంజన్ కంటే నాకు దీని గురించే టెన్షన్, ఇంజన్ అయితే విప్పి బాగుచేయించుకోవచ్చు. టైర్లకి గాళ్లు బాగానే ఉన్నాయి గానీ పక్కన కోడ్ 1416 అని ఉంది, అంటే 2016లో 14వ వారంలో తయారైనవి!

ఈసారి చెప్పకుండా పొద్దున్నే వెళ్లి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, లోడుతో తొట్టి ఎత్తించి చూద్దామనుకుంటున్నాను. ఇంకా ఏం చూడాలి? ఛాసిస్ వెల్డింగ్ ఉన్న బండి కొని వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నిలిచిందా?