సోర్సు పేరు చెప్పకుండా జైలుకెళ్ళడం నిబద్ధతా, మొండితనమా? (సినిమా కథంతా ఉంది, చూడనివాళ్ళు లోపలికి రావద్దు)

మూడోబెంచి:
రాడ్ లూరీ తీసిన ‘నథింగ్ బట్ ది ట్రూత్’ (2008) ఇన్నాళ్ళకు చూశాను. కథ క్లుప్తంగా: అమెరికా అధ్యక్షుడి మీద హత్యాయత్నం జరుగుతుంది. వెనిజులా పనేనంటూ ప్రభుత్వం ఆ దేశం మీద దాడి చేస్తుంది. వెనిజులాకు సంబంధం లేదని ఎరికా అనే సీఐఏ ఉద్యోగిని చెప్పినా పట్టించుకోలేదని రేచల్ అనే రిపోర్టర్ రాస్తుంది, ఎరికా పేరుతో సహా. రహస్య ఉద్యోగి పేరు నీకెవరు చెప్పారని ప్రాసిక్యూటర్ అడుగుతాడు. చెప్పదు. జైల్లో పెడతారు. కాపురం పోతుంది, కొడుకు దూరమవుతాడు, తోటి ఖైదీ చేతిలో దెబ్బలు తింటుంది. ఈలోగా ఎరికాను ఎవడో కాల్చి చంపుతాడు. చివరి సీన్లో తెలుస్తుంది, మొదట ఆ సంగతి చెప్పింది ఎరికా కూతురేనని. రేచల్ కొడుకు చదివే బళ్ళోనే చదువుతుంది ఆ పిల్ల.

పసిపిల్ల నోరుజారి అన్న మాటను సోర్సు అంటారా? పిల్లల దగ్గర కూపీ లాగి, దానికి విలువలు అని పేరు పెట్టుకుంటే ఎలా? రెండు గంటలు ఆవిడ మీద జాలిపడ్డాను. ఆఖరి సీనుకి ఒళ్ళు మండింది.

చుక్కలముగ్గు:
టైటిల్లో హెచ్చరించారు కాబట్టి బతికిపోయారు 😀

ఎర్రసిరా:
మూడోబెంచి గారూ, సినిమా సరిగ్గా చూడలేదు మీరు. పిల్ల మాట ఆచూకీ మాత్రమే. దాన్ని పట్టుకుని నేరుగా అచ్చేయలేదు రేచల్. వేరే చోట ఖరారు చేసుకున్నాకే కాపీ (రాసిన వార్త) ఇచ్చింది. ఏ రిపోర్టరైనా చేసే పని అదే. సమాచారం ఆటోవాడు చెప్పాడా, మంత్రి చెప్పాడా, పిల్ల చెప్పిందా అన్నది ముఖ్యం కాదు. ‘నేను చెప్పానని చెప్పకు’ అన్నారు, ‘సరే’ అన్నావు. అక్కడితో బాధ్యత మొదలైంది.

నేను పత్రిక డెస్కులో, అంటే వార్తలు దిద్ది పేజీలో పెట్టే చోట, పనిచేసి రిటైరైనవాణ్ణి. మాట తప్పిన రిపోర్టర్ దగ్గరికి రెండోసారి ఎవరూ రారు. అతని దగ్గరికే కాదు, ఆ పేపరు దగ్గరికే రారు. 1983లో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. గ్రీన్‌హామ్ కామన్ వైమానిక స్థావరానికి క్రూయిజ్ క్షిపణులు వస్తున్న సంగతి మీద రక్షణ శాఖ కాగితాలు ఎవరో గార్డియన్ పత్రికకు పంపారు. ఎవరు పంపారో పత్రికకే తెలియదు. కోర్టులో వాదించి ఓడిపోయాక కాగితాలు ఇచ్చేశారు. ఆ కాగితాలను బట్టి సారా టిస్‌డాల్ అనే చిన్న ఉద్యోగిని దొరికిపోయింది. ఆరు నెలల శిక్ష పడింది ఆ అమ్మాయికి. ఎడిటర్‌కి ఏమీ కాలేదు. రేచల్ మొండితనం వెనక ఉన్నది ఇదీ.

మూడోబెంచి:
టిస్‌డాల్ చిన్నపిల్ల కాదు. తెలిసి పంపింది. నేనడిగింది పిల్ల గురించి. మీరు బ్రిటన్ వెళ్ళిపోయారు.

లాయరుబాబు:
చట్టం వైపు నుంచి కొంచెం. అమెరికాలో ఫెడరల్ కేసుల్లో సోర్సు పేరు దాచుకునేందుకు విలేకరికి రక్షణ చట్టం లేదు. చాలా రాష్ట్రాల్లో ఉంది గానీ అది ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందు అక్కరకు రాదు. 1972లో బ్రాంజ్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో చెప్పేసింది, పిలిస్తే వచ్చి సాక్ష్యం చెప్పాల్సిందేనని. చట్టం తెస్తామంటూ బిల్లులు వస్తూనే ఉన్నాయి. 2024 జనవరిలో ఒకటి ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో ఆగింది.

ఇంకో సంగతి. ఇలా జైల్లో పెట్టడం శిక్ష కింద లెక్క కాదు, నోరు విప్పించడానికి ఒత్తిడి. చెబితే ఆ రోజే వదిలేస్తారు. చెప్పకపోయినా 18 నెలలు మించి ఉంచకూడదు. ఎంతకాలం ఉంచినా ఈ మనిషి చెప్పదని జడ్జికి నమ్మకం కుదిరితే వదిలేయాలి. సినిమాలో జడ్జి వదిలేది అందుకే. అన్నట్టు ఆ జడ్జి వేషం వేసింది ఫ్లాయిడ్ అబ్రమ్స్. నిజ జీవితంలో జూడిత్ మిల్లర్ తరఫున వాదించిన లాయరే!

నిద్రపట్టదు:
జూడిత్ మిల్లర్ ఎవరు?

లాయరుబాబు:
సినిమాకు ప్రేరణ ఆ కేసే. ఇరాక్ యుద్ధానికి చూపించిన కారణాలు తప్పని మాజీ రాయబారి జోసెఫ్ విల్సన్ 2003లో రాశాడు. వారం దాటగానే అతని భార్య వాలరీ ప్లేమ్ సీఐఏ మనిషని రాబర్ట్ నోవాక్ కాలమ్‌లో వచ్చింది. విచారణలో న్యూయార్క్ టైమ్స్ విలేకరి మిల్లర్ తన సోర్సు పేరు చెప్పనంది. 2005లో 85 రోజులు జైల్లో ఉంది. చిత్రమేమిటంటే ప్లేమ్ గురించి ఆమె ఒక్క వార్త కూడా రాయలేదు. సోర్సు ఉపాధ్యక్షుడి చీఫ్ ఆఫ్ స్టాఫ్ లూయిస్ లిబ్బీ. అతను స్వయంగా ఫర్వాలేదన్నాక బయటికొచ్చి సాక్ష్యం చెప్పింది.

ఎర్రసిరా గారు దీనికి జవాబు చెప్పాలి. అక్కడ సోర్సులు బలహీనులు కారు, అధికారంలో ఉన్నవాళ్ళు. విమర్శించినవాణ్ణి దెబ్బకొట్టడానికి విలేకరుల చెవిలో వేసిన మాట అది. అలాంటివాళ్ళను కాపాడటం కూడా నిబద్ధతేనా?

ఎర్రసిరా:
మొదట లీక్ చేసింది లిబ్బీ కాదు. నోవాక్‌కి చెప్పింది విదేశాంగ శాఖలో రిచర్డ్ ఆర్మిటేజ్. విమర్శకుణ్ణి దెబ్బకొట్టాలన్న పథకంతో చెప్పినవాడు కాదాయన. కాబట్టి ‘అధికారంలో ఉన్నవాళ్ళ కుట్ర’ అని తేల్చేయకండి.

లాయరుబాబు:
లిబ్బీ ముందే మిల్లర్‌తో మాట్లాడాడు. అందుకే కదా ఆమెను పిలిచింది? నోవాక్‌కి ఎవరు చెప్పారన్నది వేరే ప్రశ్న.

ఎర్రసిరా:
లిబ్బీకి శిక్ష పడింది లీక్ చేసినందుకు కాదు. అబద్ధం చెప్పి విచారణకు అడ్డుపడినందుకు. లీక్ నేరం మీద ఎవరిమీదా కేసు పెట్టలేదు. మీరు లాయరు, ఇది నేను చెప్పాలా?

లాయరుబాబు:
లీక్ చేయలేదని నేనెక్కడ ఒప్పుకున్నాను? కేసు పెట్టలేదు అంటే చేయలేదని కాదండీ. మొదటి ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.

చుక్కలముగ్గు:
సినిమా గురించి కదా చర్చ, ఆర్మిటేజ్ ఎక్కణ్ణుంచి వచ్చాడు

ఎర్రసిరా:
జవాబు ఇస్తున్నాను. సోర్సు మంచివాడా చెడ్డవాడా అని చూసి మాట నిలబెట్టుకునేదైతే ఆ మాటకు విలువ లేదు. స్వార్థం లేని సోర్సును నా సర్వీసులో చూడలేదు. ప్రమోషన్ రానివాడు, బాస్ మీద కోపం ఉన్నవాడు, వాటా అందనివాడు, వీళ్ళే కాగితాలు తెస్తారు. అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దించిన వాటర్‌గేట్ కుంభకోణంలో సోర్సు మార్క్ ఫెల్ట్ ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉండీ డైరెక్టర్ పదవి దక్కనివాడే. తన పేరు తాను బయటపెట్టుకునే దాకా, 2005 వరకు, ఆ వార్తలు రాసిన విలేకరులు చెప్పలేదు. మంచి మనసుతో వచ్చే సోర్సు కోసం కూర్చుంటే పేపర్లో వాతావరణ వార్తలు మాత్రమే మిగులుతాయి.

పేరువద్దు:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. మీరందరూ విలేకరి ఎంత త్యాగం చేసింది, చట్టం ఏమంటుంది అనే మాట్లాడుతున్నారు. సోర్సుగా ఉన్నవాళ్ళెవరైనా ఇక్కడున్నారా? నేనున్నాను.

నేను పనిచేసిన చోట బిల్లుల్లో జరుగుతున్నది చూడలేక ఒక విలేకరికి కాగితాలు ఇచ్చాను. పేరు రానివ్వనని ఒట్టు పెట్టినంత పని చేశాడు. పేరు రాలేదు, నిజమే. వార్తలో ‘ఆ సెక్షన్‌లో పనిచేసే ఒక మహిళా ఉద్యోగి చెప్పిన ప్రకారం’ అని రాశారు. ఆ సెక్షన్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మధ్యాహ్నానికల్లా క్యాంటీన్‌లో నా పక్కన కూర్చునేవాళ్ళు లేరు. తర్వాత ఏమైందో రాయను. ఫోన్ చేసి అడిగితే ‘మీ పేరు రాయలేదు కదండీ’ అన్నాడు.

రేచల్ జైలుకెళ్ళింది సరే. ఏ విలేకరీ నా కోసం జైలుకెళ్ళక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం కొట్టేసి ఉంటే చాలు నాకు.

మూడోబెంచి:
😔

ఎర్రసిరా:
మీకు జరిగింది అన్యాయమే మేడమ్. కానీ అది ఒక విలేకరి అజాగ్రత్త. దాన్ని బట్టి వృత్తినంతా తూచకూడదు.

పేరువద్దు:
ఒక విలేకరి అజాగ్రత్త అంటున్నారు. ఆ కాపీ డెస్కు దాటి వచ్చింది కదా? మీలాంటివారు చదివే కదా పేజీలో పెట్టారు? ‘మహిళా’ అనే మాట వార్తకు ఏం కలిపిందో చెప్పండి. మీ సర్వీసులో అలాంటి వాక్యాలు ఎన్ని వదిలారో లెక్క ఉందా?

ఎర్రసిరా:
ఇది వ్యక్తిగతంగా వెళ్తోంది. ఆ కాపీ నేను చూడలేదు. ‘సంబంధిత వర్గాలు’ అని రాస్తే కల్పించారంటారు, వివరం ఇస్తే బయటపెట్టారంటారు. పాఠకుడు నమ్మాలంటే చెప్పిన మనిషి ఎంత దగ్గరివాడో కొంత తెలియాలి. ఆ మధ్యలో నలిగేది డెస్కు.

పేరువద్దు:
నలిగింది డెస్కా?

లాయరుబాబు:
మేడమ్, మీ బాధకు దగ్గరి కేసు ఒకటుంది. 1982లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర ఎన్నికల్లో ఒక పార్టీ ప్రచారంలో ఉన్న డాన్ కోహెన్ ప్రత్యర్థి పార్టీ అభ్యర్థిని మీద పాత కేసు కాగితాలు విలేకరులకు ఇచ్చాడు, తన పేరు రాయబోమని మాట తీసుకుని. రెండు పత్రికల్లో ఎడిటర్లు ఆ మాటను పక్కనపెట్టి పేరు వేసేశారు. అతని ఉద్యోగం ఆ రోజే పోయింది. 1991లో సుప్రీంకోర్టు, మళ్ళీ 5–4తోనే, పత్రికా స్వేచ్ఛ పేరు చెప్పి ఇచ్చిన మాట తప్పడం కుదరదంది. చివరికి 2 లక్షల డాలర్లు వచ్చాయి. మాట ఇచ్చింది విలేకరులు, తప్పింది ఎడిటర్లు. మీరు డెస్కును అడగడం సబబే.

ఎర్రసిరా:
అందరూ కలిసి నామీద పడ్డారు, బాగుంది. కోహెన్ చేసింది ఓటింగ్‌కు ముందు బురద చల్లడం. అతని పేరు ఓటరుకు తెలియాలని ఎడిటర్లు అనుకున్నారు. అందులో న్యాయం లేదంటారా?

లాయరుబాబు:
అబ్బో! ఇందాక సోర్సు మంచివాడా చెడ్డవాడా చూడకూడదన్నది మీరే!

నిద్రపట్టదు:
🍿

మూడోబెంచి:
నా ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబివ్వలేదు. పిల్ల సోర్సేనా? పైగా తల్లి చనిపోయాక దాచడం ఎందుకు?

పేరువద్దు:
చనిపోయాకే ఇంకా దాచాలి మూడోబెంచి గారూ. తన మాట వల్లే అమ్మ పోయిందని ఆ పిల్లకు తెలిస్తే ఎలా బతుకుతుంది? ఆ పని చేసినందుకు రేచల్‌కి దండం పెడతాను. కానీ సినిమాలో సుప్రీంకోర్టు ముందు ఆమె లాయరు చెప్పిన పత్రికా స్వేచ్ఛకూ దీనికీ సంబంధం లేదు. కనికరం ఉన్న ఏ మనిషైనా చేస్తుంది.

నన్ను తొలిచేస్తున్నది వేరే. ఒక పేరు దాచడానికి జైలుకెళ్ళిన మనిషి ఇంకో పేరు మొదటి పేజీలో వేసింది. ఎరికా పేరు. ఆమె ఒప్పుకోలేదు. రాయొద్దని మొహం మీదే చెప్పింది. ఆమెకు ఎవరూ మాట ఇవ్వలేదు కాబట్టి ఆమె ప్రాణానికి పూచీ లేదా? సోర్సును కాపాడతారు, ఎందుకంటే రేపు మళ్ళీ సోర్సులు కావాలి. వార్తలో ఉన్న మనిషితో రేపు పనిలేదు. ఎర్రసిరా గారూ, సూటిగా అడుగుతున్నాను. ఆ కాపీ మీ టేబుల్ మీదికి వస్తే ఎరికా పేరు ఉంచేవారా?

ఎర్రసిరా:
ఉంచేవాణ్ణి.

పేరు లేకుండా ‘ఒక అధికారిణి నివేదిక ఇచ్చింది’ అని రాస్తే అలాంటి నివేదికే లేదని సాయంత్రానికి ప్రభుత్వం ఖండిస్తుంది. అబద్ధం మీద దాడి చేశారన్న వార్త అక్కడితో చచ్చిపోతుంది. బాంబుల కింద పోయినవాళ్ళకు కూడా పేర్లున్నాయి మేడమ్. ప్లేమ్ విషయంలో పేరు కక్షకు వాడారు, తప్పే. ఇక్కడ పేరే సాక్ష్యం. అది తీసేస్తే నా దగ్గర మిగిలేది పుకారు.

లాయరుబాబు:
నివేదిక కాగితం ఉందని నిరూపించవచ్చు కదా, రాసిన మనిషి పేరెందుకు? అన్నట్టు రహస్య గూఢచారి ఉద్యోగుల పేర్లు బయటపెట్టడం నేరమనే 1982 అమెరికా చట్టం కింద ముఖ్యంగా దొరికేది రహస్యం చేతిలో ఉండి బయటికి చెప్పినవాడు. అచ్చేసినవాణ్ణి పట్టుకోవడం కష్టం. ప్రాసిక్యూటర్ సోర్సు వెంటపడేది అందుకే.

ఎర్రసిరా:
కాగితం చేతికి వస్తే మీరన్నట్టే చేస్తాను. రానప్పుడు ఏం చేయాలో చెప్పండి. గంటన్నరలో పేజీ వెళ్ళిపోవాలి.

పేరువద్దు:
రానప్పుడు ఆగండి. ఒక్కరోజు ఆగండి. ఆమె కూతుర్ని ఊరు దాటించుకునేదాకా ఆగండి. మీరు ఆగరు, తెలుసు. ఇన్ని పోస్టుల్లో సూటిగా వచ్చిన జవాబు ‘ఉంచేవాణ్ణి’ ఒక్కటే, అందుకు థాంక్స్. ఇకమీద నా చేతికి ఏ కాగితం వచ్చినా మీ పేపరుకి మాత్రం ఇవ్వను.

ఎర్రసిరా:
ఇవ్వకండి. ఎవరికో ఒకరికి మాత్రం ఇవ్వండి.