బడి ఐడీ కార్డులో చిప్ పెడతామంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి

పాలమూరు నాన్న:
అందరికీ నమస్కారం. మా పాప ఆరో తరగతి. ఈ ఏడాది నుంచి వాళ్ల బడిలో ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ (రేడియో తరంగాలతో దూరం నుంచే చదివే చిన్న చిప్) ఉన్న ఐడీ కార్డులు ఇస్తారట. పిల్ల గేటు దాటగానే మన ఫోనుకి మెసేజ్ వస్తుంది. బస్సు ఎక్కితే ఒకటి, దిగితే ఒకటి. మా ఆవిడ వెంటనే తీసుకుందామంది. పోయిన ఏడాది పాప బస్సు తప్పిపోయి గంటన్నర సేపు ఎక్కడుందో తెలియక మేం పడ్డ నరకం మాకే తెలుసు. కార్డు ఉండి ఉంటే బస్సు ఎక్కలేదన్న సంగతి అప్పుడే తెలిసేది.

కానీ అనుమతి పత్రం కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: పిల్లల వివరాలను సేవలందించే సంస్థలతో పంచుకోవచ్చు అని. అక్కడే నా చెయ్యి ఆగింది. సోమవారంలోగా సంతకం పెట్టి ఇవ్వాలి. మంచీ చెడూ రెండూ చెప్పండి.

గేటు పని:
పదేళ్లుగా ఆఫీసులకూ అపార్ట్‌మెంట్లకూ ఈ కార్డులు చదివే మెషీన్లు, అంటే రీడర్లు, బిగించేది నేనే. ముందు ఏ రకం చిప్పో కనుక్కోండి. మెషీన్‌కి తాకించాల్సిన కార్డయితే ఎక్కువగా 13.56 మెగాహెర్ట్జ్‌ది. నాలుగైదు సెంటీమీటర్లలోకి వస్తేనే చదువుతుంది. మెడలో వేసుకుని నడిచిపోతుంటే గేటే చదువుకునేదైతే యూహెచ్‌ఎఫ్, అంటే ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీది. మన ఫాస్టాగ్ కూడా ఆ జాతిదే, 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. కొన్ని మీటర్ల దూరం నుంచి కూడా అందుతుంది.

రెండింట్లోనూ బ్యాటరీ ఉండదు. రీడర్ వదిలే తరంగాలతోనే చిప్ మేలుకుని తన నంబరు చెబుతుంది. మామూలు యూహెచ్‌ఎఫ్ ట్యాగ్‌కి మన రీడరా, పరాయి రీడరా అన్న తేడా తెలియదు, ఎవరు పలకరించినా పలుకుతుంది. అందుకే అందులో ఏ నంబరు రాశారో అడగండి. అడ్మిషన్ నంబరో, ఫోన్ నంబరో ఉంటే వద్దనండి. బడి సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా అర్థం లేని నంబరైతే కొంత నయం.

వరంగల్ అమ్మ:
మా బాబు బడిలో రెండేళ్లుగా ఉంది. ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి నెలంతా ఉదయం 8:40కి మెసేజ్ రాగానే మనసు కుదుటపడేది. డిసెంబరులో ఒకరోజు రాలేదు. తొమ్మిదైంది, రాలేదు. ఆఫీసులో సెలవు చెప్పి ఆటో ఎక్కి బడికి పరిగెత్తాను. బాబు క్లాసులో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాడు. చలికి కార్డుని స్వెటర్ లోపల ఒంటికి ఆనించి వేసుకున్నాడు, గేటు చదవలేదు. అంతే.

రెండోది ఇంకా పెద్దది. పోయిన మార్చిలో తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు కార్డులు స్నేహితుడి బ్యాగులో పడేసి సినిమాకి పోయారు. ఇద్దరి ఇళ్లకీ ‘మీ అబ్బాయి బడికి చేరాడు’ అని మెసేజ్ వెళ్లింది. మధ్యాహ్నం దాకా ఎవరికీ అనుమానమే రాలేదు. మొదటి పీరియడ్‌లో పేరు పిలిచి హాజరు వేసి ఉంటే అప్పుడే బయటపడేది. కార్డులొచ్చాయి కదా అని ఆ పని మానేశారు.

గేటు పని:
మేడమ్ చెప్పిన స్వెటర్ సంగతి నిజం. మన ఒంట్లో ఉండేది ఎక్కువ నీరే. ఆ తరంగాలను నీరు పీల్చేసుకుంటుంది. బిగించేటప్పుడు మేం ఈ మాట చెబుతాం, అది తల్లిదండ్రుల దాకా రాదు.

విజయవాడ రోడ్డు:
నేను మంచివైపు మాట చెబుతాను. ఇంటి ముందు పెట్టిన కారు అర్ధరాత్రి ఎత్తుకెళ్లారు. నీళ్లు తాగుదామని లేచి ఫోను చూస్తే పంతంగి టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బులు కట్ అయినట్టు మెసేజ్. టైము 2:10. బయటికొచ్చి చూస్తే కారు లేదు. 100కి ఫోన్ చేసి మాట్లాడుతుండగానే తర్వాతి టోల్‌గేట్ కొర్లపహాడ్ మెసేజ్ వచ్చింది. బండి విజయవాడ వైపు పోతోందని తేలిపోయింది. చిల్లకల్లు టోల్‌గేట్ చేరకముందే, కోదాడ దగ్గర పోలీసులు ఆపారు. ఆ స్టిక్కర్ లేకపోతే నా కారు ఏ ముక్కగా ఎక్కడ తేలేదో. 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి చేసినప్పుడు నేనూ విసుక్కున్నవాణ్ణే. ఇప్పుడు అననండి.

పాత స్విఫ్ట్:
పై అన్న అనుభవం చదివాక నాది చెప్పక తప్పదు. నేను కారు అమ్మాను. కొన్నాయన ఆర్సీ మార్పించుకున్నాడు. అద్దం మీది ఫాస్టాగ్ మాత్రం ఇద్దరం మర్చిపోయాం. అందులో నాలుగువేల పైనే ఉన్నాయి, అందుకే బండి ఎక్కడా ఆగలేదు. ఆ అకౌంట్‌కి నా పాత నంబరు. దాన్ని వాడటం తగ్గించాను కాబట్టి మెసేజ్‌లు చూసుకోలేదు.

అయిదు నెలల తర్వాత ఒక ఆదివారం కూర్చుని వరసగా చదివాను. ప్రతి శుక్రవారం రాత్రి ఊరెళ్తారు, ఆదివారం రాత్రి తిరిగొస్తారు. సంక్రాంతికి ఆరు రోజులు ఇంట్లో లేరు. ఇల్లు ఎక్కడో నాకు తెలుసు, కాగితాలకి వెళ్లాను కదా. వాళ్ల ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ముక్కూ మొహం సరిగ్గా తెలియని నాకు తెలిసిపోయింది. ఒళ్లు జలదరించింది. అప్పటికప్పుడు ఆయనకి ఫోన్ చేసి చెప్పాను, బ్యాంకులో ఆ ట్యాగ్ మూయించాను. కారు అమ్మినా కొన్నా ముందు ఈ పని చెయ్యండి.

ఈస్ట్ గోదావరి:
వాచీ పెట్టుకున్న పిల్లాడు అద్దం తుడుస్తూ ఫాస్టాగ్‌లో డబ్బులు లాగేస్తాడని వాట్సాప్‌లో వీడియో చూశాను. అది కూడా పిల్లల కార్డులకి జరుగుతుందా?

గేటు పని:
ఆ వీడియో 2022 నాటిది, కల్పితం. ఫాస్టాగ్ చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అప్పుడే ఖండించింది. నమోదైన టోల్, పార్కింగ్ సంస్థల ఖాతాలకే ఆ డబ్బు వెళ్తుంది, మనిషి ఖాతాకి వెళ్లే దారే లేదు. భయపడాల్సింది నకలు కార్డుల గురించి. పాతరకం 125 కిలోహెర్ట్జ్ గేటు కార్డుని తాళంచెవులు చేసే చోటే నిమిషంలో నకలు కొట్టిస్తున్నారు. మైఫేర్ క్లాసిక్ అనే కార్డు రహస్యాన్ని నెదర్లాండ్స్‌లో రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్లు 2008లోనే ఛేదించి చూపించారు. చవక కదా, ఇప్పటికీ అడిగి మరీ బిగించుకునేవాళ్లున్నారు.

శాన్ ఆంటోనియో నుంచి:
నేనుండే ఊళ్లోనే ఇది జరిగింది. 2012లో నార్త్‌సైడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ రెండు బడుల్లో, నాలుగువేలకు పైగా పిల్లలకి చిప్ కార్డులిచ్చింది. టెక్సస్‌లో హాజరుని బట్టి బడికి నిధులొస్తాయి. పిల్ల బడి ఆవరణలో ఉండి క్లాసులో లేకపోయినా లెక్కలోకి వస్తుందని పెట్టారు. భద్రత అనీ చెప్పారు. ఒక అమ్మాయి వేసుకోనని మొండికేసింది. చిప్ తీసేసిన కార్డిస్తామన్నారు, అదీ వద్దంది. 2013 జనవరిలో కోర్టు బడివైపే తీర్పిచ్చింది. అయినా అదే ఏడాది వేసవిలో డిస్ట్రిక్టే కార్డులు ఆపేసింది. ఖర్చుకి తగ్గట్టు హాజరు పెరగలేదు. అందుకే పాలమూరు నాన్న గారూ, ఇది ఎవరి అవసరం కోసమో ముందు అడగండి.

కూకట్‌పల్లి హాస్టల్:
చిప్ కార్డు కాదు, కానీ ట్యాగే కాబట్టి రాస్తున్నా. ఎవరైనా ఒక అమ్మాయికి పనికొస్తుంది. నా ఫోన్‌లో ‘తెలియని ట్రాకర్ మీతో పాటు కదులుతోంది’ అని వచ్చింది. మొదటిసారి పట్టించుకోలేదు. రెండోరోజు కూడా రాత్రి హాస్టల్‌కి రాగానే వచ్చింది. యాప్‌లో శబ్దం చేయించే బటన్ నొక్కితే స్కూటీ సీటు కింద నుంచి సన్నగా కూత. ఫోమ్ కోసి లోపల దూర్చారు, రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద తెల్ల ఎయిర్‌ట్యాగ్, అంటే వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపే యాపిల్ వాళ్ల ట్రాకర్. తెల్లవైపు ఫోన్ ఆనిస్తే సీరియల్ నంబరూ, పెట్టినవాడి ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలూ కనబడ్డాయి. ఆ నాలుగంకెలు నాకు తెలిసినవే. చేతులు వణికాయి.

చెల్లెళ్లూ, వెంటనే పారెయ్యకండి. ముందు స్క్రీన్‌షాట్లు, ఉన్నచోటే ఫోటోలు తీసుకోండి. ఆ తర్వాత వెనక స్టీల్ మూత నొక్కి తిప్పితే బ్యాటరీ ఊడుతుంది. నేను షీ టీమ్స్‌కి ఇచ్చాను. కొత్త న్యాయ సంహితలో వెంటపడి వేధించడానికి 78వ సెక్షన్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా ఈ హెచ్చరిక వస్తుంది, సెట్టింగ్స్‌లో ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

వరంగల్ అమ్మ:
తల్లీ, ధైర్యంగా ఉండు. ఒంటరిగా తిరగకు, కేసు ఏమైందో ఇక్కడ రాస్తూ ఉండు.

పాలమూరు నాన్న:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాత స్విఫ్ట్ గారి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

ఇవాళ బడికెళ్లాను. నమూనా కార్డుకి నా ఫోన్ వెనక ఆనిస్తే టింగుమని నంబరు వచ్చింది. తాకించే రకమే, లోపల వట్టి నంబరే ఉంది. నా భయం చిప్‌లో దొరకలేదు, కార్డు మీదే దొరికింది: పాప పేరు, తరగతి, మా ఇంటి అడ్రసు, మా ఆవిడ ఫోన్ నంబరు అంత పెద్ద అక్షరాల్లో అచ్చువేశారు. దారిన పోయేవాడికి ఏ రీడరూ అక్కర్లేదు. ముందు అది తీసేయమన్నాను. ఒప్పుకున్నారు, పేరూ బడి నంబరూ ఉంచుతారట. మొదటి పీరియడ్‌లో పేరు పిలవడం మానబోమని టీచరమ్మ గట్టిగా చెప్పింది.

మెసేజ్‌లు పంపే సంస్థ మా పాప రాకపోకలని ఎన్నాళ్లు దాస్తుంది, పాప బడి మారితే చెరిపేస్తుందా అని అడిగితే జవాబు లేదు. 2023 డేటా చట్టంలో 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలని రాశారు కదా అన్నాను. కనుక్కుని చెబుతామన్నారు. ఆ ‘పంచుకోవచ్చు’ అన్న లైను పెన్నుతో కొట్టేసి, పక్కన సంతకం చేసి, ఒక కాపీ నేను ఉంచుకున్నాను. సోమవారం ఏమంటారో వచ్చి రాస్తాను.